కవరు తీయని కూలర్

ఒక మనిషి తన పరువును, పక్కవీధి మగ్గాన్ని, మంచి కంప్యూటర్‌ను ఒకే ఎసట్లో ఎలా ఉడకబెట్టగలడో తెలుసుకోవాలని ఉందా? అయితే కూర్చోండి. వండినవాణ్ణి నేనే.

రెండువేల దశకం చివరి రోజులు. ధర్మవరంలో ఒక రేకుల గదిలో కంప్యూటర్ పెట్టుకుని పట్టుచీరలకు డిజైన్లు గీసేవాణ్ణి. నా డిజైన్ ప్రకారం అట్టలకు రంధ్రాలు పడాలి, ఆ అట్టలు ఎక్కితేనే మగ్గం కదలాలి. పదో తరగతితో బడి మానేసినా శాఖా గ్రంథాలయంలోని కంప్యూటర్ పత్రికలన్నీ నమిలి మింగాను. ఏదో ఒక సాయంత్రం లైబ్రేరియన్ నన్ను కూడా బీరువాలో సర్ది తాళం వేస్తాడని ఊళ్లో అనుకునేవారు.

ఆ వేసవిలో కంప్యూటర్‌కు జ్వరం పట్టుకుంది. నేను వెంటనే చదువు బయటికి తీసి, ప్రాసెసర్‌ను నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ తెప్పించాను. ప్రాసెసర్ మీద రాగిరేకున్న డబ్బా, దానికి రెండు గొట్టాలు, వెనక ఫ్యాను బిగించిన రేడియేటర్. హిందూపురంలో కంప్యూటర్ విడిభాగాలమ్మే నా చిన్ననాటి స్నేహితుడు బషీర్ దాన్ని బెంగళూరు నుంచి తెప్పించి బస్సులో పంపాడు. బిగించి, కాలు మీద కాలేసుకుని కొంగు మీద హంసను గీయడం మొదలుపెట్టాను. హంసకు మెడ వచ్చేసరికి తొంభై డిగ్రీలు. రెక్క వచ్చేలోపే తెర నల్లబడింది.

పక్కనే, పక్కవీధిలో మగ్గం నేసే ఓబులేసన్న కూర్చుని ఉన్నాడు. ఆ హంస ఆయన నేయాల్సిన పెళ్లిచీర మీదిది.

"ఏమప్పా, మళ్లా సచ్చిందా?"

"చావల్యా అన్నా. వేడెక్కింది."

"నీళ్ల మిషను పెట్టినావు గదా? కుండలో నీళ్లు పోస్తే సల్లగుంటాది. నీదేందప్పా, నీళ్లు పోస్తే కాగుతాంది!"

బషీర్‌కు ఫోన్ చేశాను.

"పంపు తిరుగుతాందా?"

"పిల్లి నిద్రపోయినట్ల గుర్రుమంటాంది."

"గొట్టాలు ముట్టుకో. వేడిగుండాయా?"

"సల్లగుండాయి."

"లోపల పొయ్యి మండుతాంటే గొట్టాలు సల్లగెట్లుంటాయబ్బా? నీళ్లదాకా వేడి పోవడంల్యా. డబ్బా విప్పి, రాగిరేకు సరిగ్గా ఆనిందా లేదా చూడు."

"నాకు చెప్తావా? పుస్తకం చూసి బిగించినా. ఇది గాలిబుడగ!"

చూశారా, చదివినవాడికి దారి చూపిస్తే ఎదురు తిరిగి మ్యాపు చూపిస్తాడు. బుడగను తరమడానికి క్యాబినెట్‌ను ఉయ్యాల ఊపినట్టు ఊపాను. ఓబులేసన్న జోల కూడా పాడాడు. ఫ్యాను తిప్పి బిగించాను. స్క్రూలను బోర్డు కుయ్యిమనే దాకా తిప్పాను. డిగ్రీలు మాత్రం దిగలేదు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ప్రాసెసర్ కాలి నేనేడుస్తుంటే, ఓబులేసన్న దాని మీద టీ గ్లాసు పెట్టి వెచ్చబెట్టుకోవచ్చా అని అడిగాడు.

అడిగి, నవ్వలేదు. గ్లాసు కింద పెట్టేశాడు.

"ముహూర్తం దగ్గరకొచ్చిందప్పా. అట్టలు రాకుంటే వాళ్లు ఇంకో మగ్గానికి పోతారు. ఖాళీ మగ్గం ముందర కూచుంటే నాకు కూడు దిగడంల్యా."

ఆ మాటకు నా పుస్తకాలన్నీ మూతపడ్డాయి. క్యాబినెట్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఇద్దరం హిందూపురం బస్సెక్కాం. పెనుకొండ దగ్గర కండక్టర్ మా సీటు పక్కన ఆగాడు.

"ఏమబ్బా, ఒళ్లో యెవరు? టికెట్టు కొట్టల్లా?"

"జరమొచ్చింది సారూ," అన్నాడు ఓబులేసన్న, "ఆస్పత్రికి పోతాండాం."

బషీర్ డబ్బా విప్పాడు. తిరగేశాడు. చాలాసేపు దాన్ని, తర్వాత అంతకన్నా ఎక్కువసేపు నన్ను చూశాడు. రాగిరేకు మీద పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద, వేడి రేకులోకి పారాలని నేను శ్రద్ధగా పూసిన పేస్టు.

"ఇదేంది?"

"కవరు."

"అది కనపడతాంది. తీయల్లని తెలీదా?"

"తెలుసు. పుస్తకంలో ఉండాది."

"మరి?"

"పన్జేయకుంటే వాపసియ్యల్ల గదా! కవరిప్పిన చీరను ఏ అంగడోడు వాపసు తీసుకుంటాడు?"

మా నాయన పట్టుచీరల వ్యాపారి. నాకు అక్షరాలకంటే ముందు నేర్పిన పాఠం అది. ముందు చల్లబరుస్తుందో లేదో చూద్దాం, నచ్చితే కవరు తీద్దాం అనుకున్నాను. గ్రంథాలయం ఒకటి చెప్పింది, నాయన ఒకటి చెప్పాడు, నాయన గెలిచాడు.

బషీర్ నెమ్మదిగా అన్నాడు. "అంటే అది పన్జేస్తే నువ్వు కవరు తీస్తావు. నువ్వు కవరు తీస్తే గాని అది పన్జేయదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కూచోనుండారు."

"ఇప్పుడు వాపసు తీసుకుంటావా?"

"కూలరైతే తీసుకుంటా. ఈ తెలివిని యాడ వాపసిస్తావబ్బా?"

పొర ఊడింది. పేస్టు కొత్తగా పడింది. ఆ అంగట్లోనే కూర్చుని హంసను తోకదాకా గీశాను, డిగ్రీలు యాభై దాటలేదు. ఓబులేసన్న గొట్టం ముట్టుకుని, "వెచ్చగుండాది!" అని బిడ్డకు జ్వరం దిగినంతగా మురిసిపోయాడు.

చీర ముహూర్తానికి ముందే మగ్గం దిగింది. నాకు చూపించడానికి తెచ్చాడు, మెరిసే కవర్లో పెట్టి.

"అప్పా, సదువుకున్నోడివి, ఒక మాట చెప్పు. పెండ్లికూతురు కవరు తీసి కట్టుకోవల్లా, అట్లనే కట్టుకోవల్లా? నచ్చకుంటే వాపసుకు పనికొస్తాది గదా!"

కాబట్టి పాఠకులారా, నా గ్రంథాలయం కార్డు మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ కొత్త వస్తువుకూ కవరు ఉంచను. మా ఇంట్లో టీవీ రిమోట్‌కు ఇంకా కవరు ఉందే అంటారా? అది మా నాయనది. ఆ టీవీ నచ్చిందో లేదో ఆయనింకా తేల్చుకోలేదు.