వెనక నుంచి రెండో వరస

మా టీచరమ్మ నిన్నటితో బండి దిగిపోయింది. ఇరవై రెండేళ్ళు ఆవిడ మైకు పట్టుకుని, నేను స్టీరింగు పట్టుకుని, ఒకే బస్సులో రోజూ కొండెక్కి ఏటి దాకా దిగాం. మొన్న ఆఫీసులో ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే చెప్పాను, చప్పట్లు కొట్టారు. చెప్పాల్సిన ఐదో మాట మాత్రం మింగేశాను. పదకొండేళ్ళ కిందట ఒక వానరోజున ఆవిడ ఏటి దగ్గర ఒక మనిషిని వదిలేసి వచ్చిందని కంపెనీలో అందరికీ తెలుసు. అందులో నా వాటా ఎంతో నేనెవరికీ చెప్పలేదు. ఆఖరి ట్రిప్పు ముగిసేలోగా ఆవిడకైనా చెప్పెయ్యాలని నిన్న పొద్దున మొహం కడుక్కుంటూ ఒట్టు పెట్టుకున్నాను.

టీచరమ్మ అనేది మేం పెట్టిన పేరు. గైడు కాకముందు ఆవిడ ఒక చిన్న ప్రైవేటు బళ్ళో నాలుగేళ్ళు లెక్కలు చెప్పింది. బడి మూతబడింది గానీ ఆవిడలో పంతులమ్మ మూతబడలేదు. బస్సంటే ఆవిడకు తరగతి గదే. కిటికీలోంచి చెయ్యి బయట పెడితే మైకులోనే కోప్పడేది, తెల్లజుట్టు పెద్దమనుషులు కూడా గబుక్కున చేతులు లోపలికి లాక్కునేవారు. కుడి వైపు చూడమంటే సగం మంది ఎడమ వైపు చూస్తారు కాబట్టి, "మా అన్నయ్య బట్టతల వైపు చూడండి" అనేది. ఆ అన్నయ్యను నేనే. నా బట్టతలను చూసి, ఆ తర్వాత కొండను చూసినవాళ్ళు లక్షమంది దాకా ఉంటారు.

పొద్దున అయిదున్నరకి వాళ్ళింటి ముందు బండి ఆపేవాణ్ణి. కింద తాళాలు బాగుచేసే కొట్టు, పైన రెండు గదులు. ముందు గదిలో కిటికీకి ఆనించి వాళ్ళాయన బల్ల. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, మాట తక్కువ మనిషి. హారన్ కొడితే వీధంతా లేస్తుంది కనక రెండుసార్లు లైట్లు వేసి ఆర్పేవాణ్ణి. ఆవిడ నీలం కోటుకి ఒక చెయ్యి తొడుక్కుని, రెండోది తొడుక్కుంటూ ఇనప మెట్లు దిగేది. దిగాక ఏదో ఒకటి మర్చిపోయానని గుర్తొచ్చేది. కళ్ళజోడో, ఈలో, మైకు బ్యాటరీలో. ఆయన దాన్ని చేతిరుమాల్లో మూటగట్టి పైనుంచి వదిలేవాడు, ఈవిడ కింద పట్టుకునేది. ఇన్నేళ్ళలో ఒక్క మూట కూడా నేల మీద పడలేదు. చూసినప్పుడల్లా నాకు కాస్త కుళ్ళుగానే ఉండేది. మా ఇంట్లో విసిరేవి మూటలు కావు.

మాది ఒక్క రోజు టూరు. రోప్‌వేలో శిఖరం, అక్కణ్ణించి జలపాతం, మధ్యాహ్నం భోజనం, నడుం వంచుకుని దూరే గుహ, నాలుగింటికి ఏట్లో పడవ షికారు, ఏడింటికల్లా ఊళ్ళోకి. శిఖరం మీద నెలకి పదిరోజులు మబ్బే. డబ్బులిచ్చి ఎక్కినవాళ్ళు తెల్లటి గోడను చూసి మొహాలు మాడ్చుకుంటే, ఆవిడ రెయిలింగు దగ్గర చెయ్యి చాపి, ఇక్కడ ఏరు వంపు తిరుగుతుంది, అక్కడ ఎర్ర పైకప్పుల ఊరుంది, దాని వెనక మంచుకొండ ఉంది, అని కళ్ళకు కట్టినట్టు చెప్పేది. "దూరపు కొండలు నునుపంటారు కదండీ. దగ్గరికి తీసుకొచ్చి గరుకు చూపించడమే మా ఉద్యోగం" అనేది. మాడిన మొహాలు నవ్వేవి. ఆ జోకు నేను ఆరువేల సార్లు విని ఉంటాను, ఒక్కసారీ నవ్వలేదు. ఇకమీదట వినబడదంటే మాత్రం చెవుల్లో ఏదో వెలితిగా ఉంది.

ఆవిడ గర్వమంతా తలల లెక్కలో ఉండేది. ఆగిన ప్రతిచోటా, అందరూ ఎక్కాక, ముందు నుంచి వెనక్కి నడుస్తూ ఒక్కో సీటు వీపును వేలితో తట్టేది. పెదాలు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. ముప్పై నాలుగు అయ్యాక ఈల వేసేది, నేను తాళం తిప్పేవాణ్ణి. పొద్దున బయల్దేరేటప్పుడే మైకులో ధైర్యం చెప్పేది: "ఎవరూ కంగారు పడక్కర్లేదు. ఒక్కరు తగ్గినా మన బండి కదలదు." ఆ వానరోజు దాకా ఆ మాట ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు జలపాతం దగ్గరే పడమర నల్లబడింది. గుహ మానేసి ముందు ఏటికి పోదామని నేనన్నాను. గుహకీ టిక్కెట్టు కొన్నారు, కుదరదంది. అక్కడితో నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను? జనం ముందే రెండోసారీ, మూడోసారీ అన్నాను. ఎప్పుడూ అన్నా అని పిలిచే మనిషి, మైకు నోటి దగ్గరే ఉంచుకుని, "డ్రైవరుగారూ, బండి మీది, మనుషులు నా బాధ్యత. ఎవరి పని వాళ్ళు చూసుకుందాం" అంది. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అప్పట్నించి నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

నేనన్నట్టే ఏటి దగ్గర వాన పట్టుకుంది. పడవ దిగినవాళ్ళు దిగినట్టే నెత్తిన సంచులు పెట్టుకుని పరుగెత్తుకొచ్చి ఎక్కారు. మా పక్కనే ఇంకో కంపెనీ బస్సు ఆగి ఉంది, అదీ తెల్లదే. టీచరమ్మ నీళ్ళు కారే కోటుతో సీట్లు తడుతూ వెనక్కి వెళ్ళింది. నేను అద్దంలోకి చూశాను. వెనక నుంచి రెండో వరసలో, కిటికీ పక్కన, పొద్దున్నించీ ఒకావిడ కూర్చుంటోంది. ఒంటరిగా వచ్చింది. బూడిదరంగు స్వెట్టరు, ఒళ్ళో గుడ్డసంచి. ఎవరితోనూ మాట్లాడలేదు, ప్రతిచోటా అందరికంటే ఆఖర్న దిగింది. ఇప్పుడా సీట్లో ఎవరో గోధుమరంగు శాలువా తలనిండా కప్పుకుని, కిటికీకి ఆనుకుని కునుకు తీస్తున్నారు.

చలికి ఆవిడే కప్పుకుందేమో అనుకోవచ్చు. నేనలా అనుకోలేదు. ఆ భుజాలు వేరని నాకు తెలిసిపోయింది. "ఒకసారి వెనక చూడు" అంటే సరిపోయేది. మనుషులు తన బాధ్యత కదా, తననే చూసుకోనీ అనుకున్నాను. ముప్పై నాలుగు అయ్యాయి కాబోలు, ఈల వినబడింది. తాళం తిప్పాను.

యాభై నిమిషాలు ఎక్కాక ఘాట్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఆపాను. శాలువాలోంచి ఒక ముసలాయన తల బయటపెట్టి, అటూ ఇటూ చూసి, "మా ఆవిడేదీ?" అన్నాడు. బస్సు గొల్లుమంది. టీచరమ్మ నవ్వలేదు. ఆయన జేబులోంచి తీసిన తడి టిక్కెట్టు పక్క కంపెనీది. రెండు తెల్లబస్సుల్లో ఏది దగ్గరుంటే అదెక్కి పడుకున్నాడు. తలల లెక్క సరిపోయింది, మనిషి మాత్రం వేరు.

"ఈ సీట్లో పొద్దున్నించీ కూర్చున్నది ఎవరండీ? ఎలా ఉంటారు?" అని అడిగింది.

మగమనిషే అన్నాడొకాయన. ఎర్రచొక్కా అందొకావిడ. వెనక వరసవాళ్ళు ఆ సీటు ఖాళీ అని వాదించారు. తోడు వచ్చినవాళ్ళుంటే మావాళ్ళేరని అరిచేవారు, ఆవిడకు అరిచే దిక్కు లేదు. టీచరమ్మకే గుర్తు రావడంలేదని మొహం చూస్తే తెలుస్తోంది. పొద్దున్నించీ ఆ సీటును అయిదుసార్లు వేలితో తట్టిందాయె. ఇక ఆగలేక నేను నోరు తెరిచాను. "బూడిదరంగు స్వెట్టరు. ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకునేది. నలభై దాటి ఉంటాయి."

టీచరమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "బండి తిప్పన్నా" అంది.

కిందకి దిగడానికి అరగంటే పట్టింది గానీ, అంత పొడుగు దారి నా జన్మలో నడపలేదు. ఆ లోయలో ఫోన్లు పనిచేయవు. రైలు తప్పిపోతుందని ఒకాయన సణుగుతూనే ఉన్నాడు. టీచరమ్మ తన సీట్లో కూర్చోకుండా తలుపు దగ్గర మెట్టు మీదే నిలబడి వానలోకి చూస్తోంది. పొంగుతున్న ఏరు, పాచి పట్టిన మెట్లు, పొద్దున్నించీ ఎవరితోనూ మాట కలపని ఒంటరి మనిషి. అంతకు మించి ఆలోచించడానికి నాకు భయం వేసింది. "మా ఆవిడ తిడుతుంది" అని వెనక నుంచి ముసలాయన అంటున్నాడు. ఆయనకున్న భయం అదొక్కటే.

రేవులో రెండో తెల్లబస్సు అక్కడే ఉంది. టిక్కెట్ల గది చూరు కింద బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకావిడ ముసలాయన భార్య, కొంగు తడిసేలా ఏడుస్తోంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఓదారుస్తున్నది మా బూడిదరంగు స్వెట్టరు.

టీచరమ్మ వానలోనే పరుగెత్తింది. "క్షమించండమ్మా. మిమ్మల్ని చూసుకోకుండా వెళ్ళిపోయాను."

ఆవిడ లేచి సంచి భుజానికి తగిలించుకుంది. "వస్తారని తెలుసండీ. ఒక్కరు తగ్గినా బండి కదలదని పొద్దున మీరే చెప్పారుగా. మరి అంత దూరం ఎందుకెళ్ళారో మాత్రం అర్థం కాలేదు."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది. టీచరమ్మ ఆ బెంచీ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అప్పటిదాకా ముసలావిణ్ణి ఓదార్చిన చెయ్యే ఈవిడ వీపు నిమిరింది. నేను బండి దిగలేదు. దిగే మొహం లేదు.

రైలు తప్పినాయన మర్నాడే ఫిర్యాదు రాశాడు. ఓనరు గదిలో గోడ మీద మా దారి మ్యాపు ఉంటుంది, మేం ఆగే చోట్ల ఎర్ర గుండుసూదులు గుచ్చి ఉంటాయి. మమ్మల్నిద్దర్నీ దాని ముందు నిలబెట్టాడు. "లెక్క నాది, తప్పూ నాదే" అని ఆవిడ కాగితం మీద రాసి సంతకం పెట్టింది. "నువ్వేమన్నా చూశావా?" అని ఓనరు నన్నడిగాడు. ఏటి రేవు దగ్గరి సూది వంక చూస్తూ, "వాన కదండీ" అన్నాను. తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాను.

ఆవిణ్ణి ఏడు నెలలు బుకింగ్ కౌంటర్లో కూర్చోబెట్టారు. రోజూ పొద్దున ఆ గాజు కిటికీ ముందు నుంచే నేను బండి తీయాలి. ఆవిడ లోపల్నించి చెయ్యి ఊపేది. నేను హారన్ కొట్టి తల తిప్పుకునేవాణ్ణి. నా పక్కన కొత్త గైడు పాటలు పాడేవాడు, జోకులు కూడా ఆవిడకంటే మంచివే వేసేవాడు. నాకు అన్నం సహించేది కాదు.

తిరిగొచ్చాక ఆవిడ సీట్లు తట్టడం మానేసింది. పొద్దున బండెక్కగానే ఒంటరిగా వచ్చినవాళ్ళ పక్కన ముందు కూర్చునేది. ఎక్కణ్ణించి వచ్చారు, మోకాళ్ళు సహకరిస్తాయా, పడవంటే భయమా, అన్నీ అడిగేది. ఆ తర్వాత పక్క సీటు వాళ్ళకు అప్పగించేది: "ఈయన ఒక్కరే వచ్చారు. సాయంత్రం దాకా మీ చుట్టం. కనబడకపోతే అరవాల్సింది మీరే." ఆగిన ప్రతిచోటా ఒక్కో మొహాన్నీ చూసి, ఏదో ఒక మాట అని ముందుకు కదిలేది. రెండు నిమిషాల పనికి పది నిమిషాలయ్యేది. ఆలస్యమవుతోందని నేను గొణగలేదు, గొణగడమే నా ఆస్తి అయినా. బండి కదలదన్న పాత మాట మాత్రం మళ్ళీ మైకులో అనలేదు. తాళం తిప్పేముందు నేనూ అద్దంలో ముప్పై నాలుగు మొహాలూ చూడ్డం అలవాటు చేసుకున్నాను. అదీ ఆవిడకు చెప్పలేదు.

నిన్న శిఖరం మీద చెబుదామనుకున్నాను. ఎప్పుడూ ఉండే మబ్బు నిన్న లేదు, జనం ఫోటోల కోసం ఆవిణ్ణి వదల్లేదు. జలపాతం దగ్గర హోరు. ఏటి దగ్గర ఆవిడ సరిగ్గా ఆ బెంచీ మీదే టీ గ్లాసుతో ఒక్కతే కూర్చుంది. ఇంతకంటే మంచి సమయం రాదనుకుని దగ్గరికెళ్ళాను. "చక్కెర సరిపోయిందా?" అని అడిగి వచ్చేశాను.

షెడ్డులో ఇంజను ఆపేశాక ఇక మిగిలింది మేమిద్దరమే. ఆవిడ మైకు ఊడదీసి వైరు చుట్టుకుంటోంది. నేను వెనక్కి తిరక్కుండా అద్దంలోకే చూస్తూ అన్నాను. "టీచరమ్మా, ఆ వానరోజు అద్దంలో చూశాను. ఆ సీట్లో మనిషి మారిందని నాకు తెలుసు. నీ మీద కోపంతో చెప్పలేదు."

వైరు చుట్టడం ఆగలేదు. "తెలుసు" అంది.

"ఎలా తెలుసు?"

"ముప్పై ముగ్గురికి గుర్తులేని స్వెట్టరు రంగు నీకు గుర్తుంది. అంత బాగా చూసినవాడివి శాలువాను చూడకుండా ఉంటావా?"

"మరి ఓనరు దగ్గర చెప్పలేదేం?"

"నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. నిన్నయితే ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళు. అయినా లెక్క నాదేగా."

నా కళ్ళు మసకబారాయి. "నాతోనైనా ఒక్క మాట అనొచ్చు కదమ్మా. పదకొండేళ్ళు."

ఆవిడ మైకును సంచిలో పెట్టుకుని నా సీటు దాకా వచ్చింది. పాత అలవాటు ప్రకారం నా సీటు వీపును వేలితో ఒకసారి తట్టింది.

"నువ్వొస్తావని తెలుసన్నా" అంది. "ఇంత దూరం ఎందుకెళ్ళావో మాత్రం అర్థం కాలేదు."