అటు చూపిన చెయ్యి

తెనాలి బర్నబాసు నాటకాల తెరల మీద బొమ్మలు రాసేవాడు. రేపల్లె రైసుమిల్లు యజమాని శివరామయ్యకు నాటకాలంటే ప్రాణం. తెరలన్నీ బర్నబాసు చేతే రాయించి, "మా స్నేహితుడండి" అని అందరికీ చెప్పుకునేవాడు. బర్నబాసు ఆ మాట నమ్మాడు.

ఎనభై నాలుగులో శివరామయ్య కూతురి పెళ్లి. బర్నబాసు బంతిలో కూర్చుని, విస్తరి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా శివరామయ్య. నవ్వు చెరగకుండానే, కుడిచెయ్యి చాపి పశువుల కొట్టం వైపు చూపించాడు.

"నీకు అటు వేయించానయ్యా. మావాళ్ల సంగతి తెలుసుగా."

బర్నబాసు లేచి నేరుగా రైలు స్టేషనుకు నడిచాడు.

"పెళ్లి భోజనం ఎట్టా ఉందేంటి?" అంది ఇంటికి రాగానే భార్య దానమ్మ.

"తినలేదు. ఒక బొమ్మ దొరికింది."

ఆ తర్వాత కూడా శివరామయ్యకు తెరలు రాస్తూనే వచ్చాడు. ఆ గడప ఇంకా ఎందుకు తొక్కుతావని దానమ్మ అడిగితే, "ఆ చెయ్యి మర్చిపోకుండా" అనేవాడు.

తొంభై ఒకటిలో బాపట్ల నాటక సమాజం శివరామయ్యకు సన్మానం తలపెట్టింది. హాల్లో పెట్టే నిలువెత్తు బొమ్మ బర్నబాసే రాయాలన్నాడాయన. ఫొటో ఇవ్వబోతే, "మీ రూపం నాకు జ్ఞాపకమేనండి" అని వద్దన్నాడు బర్నబాసు.

సన్మానం నాడు బొమ్మ ముసుగు తీశారు. పట్టుకండువా, అదే నవ్వు, చాపిన కుడిచెయ్యి. వేలు చూపే మూలన పశువుల కొట్టం, దాని ముందు ఖాళీ విస్తరి. అదేంటని అడిగినవాళ్లందరికీ బర్నబాసు ఓపిగ్గా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు.

శివరామయ్య అతన్ని పక్కకు లాగాడు. "ఆ చెయ్యి మార్చవయ్యా. ఏం కావాలో అడుగు."

"ఇవాళ్టి బంతిలో మీ పక్కన నాకు విస్తరి వేయించండి. రేపే మారుస్తా."

శివరామయ్య బంధువుల వైపు చూశాడు. తల వంచుకుని బంతికి వెళ్లిపోయాడు.

తెనాలి పెయింటర్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు సంతకం పెట్టిన బొమ్మ మీద, అతనో, అతని ఇంటివాళ్లో ఒప్పుకోనిదే ఇంకొకరు కుంచె పెట్టరు. బొమ్మ దించేయిస్తే తన సన్మానాన్నే దించుకున్నట్టని, చెయ్యి మార్చమని శివరామయ్య ఎంతమందిని బతిమాలినా ఎవరూ రాలేదు.

తొంభై ఆరులో బర్నబాసు పోయాడు. జ్ఞాపకార్థ కూడిక నాడు ఇంట్లో బంధువులు భోజనాలు చేస్తుండగా శివరామయ్య వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆ చెయ్యి మార్చడానికి ఇకనైనా ఒప్పుకోమ్మా. నేనూ పెద్దవాణ్ణయ్యాను."

దానమ్మ లోపల, బర్నబాసు కూర్చునే చోట విస్తరి వేసింది. "రండి. నాలుగు ముద్దలు తినండి. ఒప్పుకుంటాను."

"భోజనమయిందమ్మా."

"మంచినీళ్లన్నా తాగండి."

ఆయన చెప్పుల్లోంచి కాలు తీయలేదు.

దానమ్మ విస్తరి మడిచింది. కుడిచెయ్యి చాపి వీధి వైపు చూపించింది.

"అయితే అటు దయచేయండి."