యూకాన్ దారిలో ఒక ‘నో’

బంగారం తవ్వే చోటికి పోతున్నామని చెప్పగానే మా అత్తగారు ఫోన్‌లో నవ్వి, "వచ్చేటప్పుడు నాకో గొలుసు తే బిడ్డా" అంది. కెనడా ఉత్తర కొసన యూకాన్‌లో ఒక గని యజమాని దగ్గర ఆవిడ కొడుకు మట్టి ఎత్తే లోడర్ నడపాలని, నేను పనివాళ్ళకి వంట చేయాలని, ఆ బంగారంలో మాకు రవ్వంత కూడా రాదని వివరించే ఓపిక నాకు లేకపోయింది. మాకు కావలసింది బంగారం కాదు, పీఆర్, ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి. సీజన్ అంతా నిలకడగా పనిచేస్తే అప్లికేషన్‌కి అండగా ఉంటానని ఆ యజమాని మాటిచ్చాడు. మా వర్క్ పర్మిట్లు ఏడాది ఆఖరుకి అయిపోతున్నాయి. మేముంటున్న స్కార్‌బరోలో మేము తట్టని తలుపు లేదు. ఇది కూడా పోతే ఇంక సూట్‌కేసులు సర్దుకోవడమే.

బంగారం ధర మండిపోతోందని, ఉత్తరాన మూతపడ్డ గనులు మళ్ళీ తెరుస్తున్నారని, మనుషులు దొరకడం లేదని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. మే నెలలో అద్దె బేస్‌మెంట్ ఖాళీ చేసి మూటాముల్లె పాత కారులో కుక్కాం. బియ్యం, కందిపప్పు, గోంగూర పచ్చడి, వదిలిపెట్టి రానని నేను మొండికేసిన గ్రైండర్. అంతకు ముందు నెలంతా నేను యూట్యూబ్ చూసి బేకన్, అంటే పంది మాంసం ముక్కలు, వేయించడం నేర్చుకున్నాను. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇంట్లో పెరిగినదాన్ని, ముక్కుకి చున్నీ కట్టుకుని వేయించాను. పీఆర్ ఇస్తామంటే ఏనుగునైనా వేయించేదాన్ని.

కెనడా పెద్ద దేశమని మ్యాపులో చూస్తే తెలుస్తుంది. కారులో కూర్చుంటే అది ఒంటికి తెలుస్తుంది. సుపీరియర్ సరస్సు పక్కన ఎంతసేపు నడిపినా ఆ నీళ్ళు అయిపోలేదు. ఒంటారియో దాటేసరికే ప్రాణం ఉసూరుమంది. ప్రెయిరీ మైదానాల్లో గాలి కారుని పక్కకి నెట్టేస్తుంటే మా ఆయన స్టీరింగ్ బిగించి పట్టుకుని, "ఏం గాదు, పోదాం" అనేవాడు. మొదట్లో ఆ మాటకి ధైర్యం వచ్చేది. సస్కాచువాన్‌లో ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. మా ముందూ వెనకా సామాను కట్టుకున్న బండ్లు పడమటికే పోతున్నాయి. వాటిలో ఎవరిని చూసినా మా పని లాక్కోవడానికే వెళ్తున్నారనిపించేది. అంత కుళ్ళు నాలో ఉందని నాకు అంతవరకు తెలియదు.

ఆల్బెర్టాలో టీ కోసం ఆగిన చోట ఒక పాత ఫొటో, దాని కింద చరిత్ర రాసి ఉన్నాయి. పాతకాలంలో బంగారం కోసం యూకాన్ వెళ్ళేవాళ్ళు ఏడాదికి సరిపడా తిండి వెంట తెచ్చుకుంటేనే కొండ కనుమ దగ్గర పోలీసులు లోపలికి రానిచ్చేవాళ్ళట.

"మనల్ని ఆపరు," అన్నాడు మా ఆయన. "గోంగూర సీసా చూసి సెల్యూట్ కొట్టి పంపిస్తరు."

ఆ దారిలో నేను మనసారా నవ్వడం అదే ఆఖరు.

ఫోర్ట్ నెల్సన్ అనే ఊరు ఇంకా రాకముందే కారు ఆగిపోయింది. ఊళ్ళోకి లాగించుకుని వెళ్తే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందని, కొత్తది దక్షిణాన ఉన్న ఊళ్ళ నుంచి రావాలని మెకానిక్ చెప్పాడు. చేరతామన్న రోజు కాస్తా అక్కడే గడిచిపోయింది. ఆలస్యమవుతుందని మా ఆయన యజమానికి మెసేజ్ పెట్టాడు. జవాబు లేదు. చివరికి కారు బాగై మళ్ళీ బయల్దేరాక, కొండల మధ్య ఎక్కడో ఫోన్ మోగింది. బండి పక్కకి ఆపి స్పీకర్‌లో పెట్టాడు.

"అయితే మీరు రావడం లేదా?" అని ఇంగ్లీషులో అడిగాడు యజమాని.

"నో, నో, సర్," అన్నాడు మా ఆయన హడావిడిగా. ఆ వెంటనే "వస్తున్నాం, దారిలోనే ఉన్నాం" అని కూడా ఇంగ్లీషులో చెప్పాడు. మాట ముగించి చూస్తే సిగ్నల్ లేదు.

"చెప్పేసిన," అన్నాడు నా వైపు తిరిగి. గుండెల మీద నుంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. పక్కనే కూర్చుని అంతా విన్న నాకూ అందులో తప్పేమీ వినిపించలేదు. ఆ తరువాత సిగ్నల్ దొరికిన చోటల్లా ప్రయత్నించాం, యజమాని ఫోన్ కలవలేదు. సిగ్నల్ అందని గని క్యాంపుకి వెళ్ళిపోయి ఉంటాడులే, చెప్పాం కదా, అనుకున్నాం. అలా చేతిలో లేని ఉద్యోగం కోసం ఇంకా రెండు రోజులు నడిపాం.

డాసన్ దగ్గర మట్టిరోడ్డు పట్టుకుని వాగు వెంట వెళ్తే క్యాంపు కనిపించింది. చుట్టూ తవ్విపోసిన గులకరాళ్ళ గుట్టలు, బురద. లోడర్ మీద ఎవరో కూర్చున్నారు. వంటషెడ్డులోంచి బేకన్ వాసన వస్తోంది. నేను చేయాల్సిన వంట ఇంకెవరో చేస్తున్నారు. అప్పుడే నాకు అర్థమైపోయింది.

యజమాని మమ్మల్ని చూసి తెల్లబోయాడు. "నువ్వే కదా నో అన్నావు," అన్నాడు మా ఆయనతో. "రెండుసార్లు అన్నావు. ఆ సాయంత్రమే వేరే జంటని తీసుకున్నాను."

మనల్ని ఎవరైనా "రావట్లేదా?" అని అడిగితే "లేదు లేదు, వస్తున్నాం" అంటాం. ఆ ‘లేదు’ అడిగినవాళ్ళ అనుమానానికి జవాబు. మా ఆయన నోట తెలుగు ‘లేదు’ ఇంగ్లీషు ‘నో’గా బయటికి వచ్చింది. వెనకాల రావలసిన మాట కొండల్లోనే ఉండిపోయింది. ఇంగ్లీషులో ఆ ప్రశ్నకి ‘నో’ అంటే ‘రావడం లేదు’ అనే, అవతలివాడికి అందింది అదొక్కటే. మా ఆయన చేతులు ఊపుతూ ఇదంతా చెప్పబోయాడు. ఆయన చెబుతున్నకొద్దీ నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియని ఏడుపు.

యజమాని చెడ్డవాడు కాదు. టోపీ తీసి, నెత్తి గోక్కున్నాడు. తరువాత నా వైపు తిరిగి, "మీకు వెళ్ళడానికి ఇంకెక్కడా చోటు లేదా?" అని అడిగాడు. అడిగిన తీరు చూస్తే, లేదని తెలిస్తే ఏదో ఒకటి చేసేలాగే ఉన్నాడు.

నేను "యెస్" అన్నాను.

అవును, లేదు. తెలుగులో అయితే ఆ ఒక్క ‘అవును’ సరిపోయేది, ఇంగ్లీషులో అది ‘చోటు ఉంది’ అయిపోయింది.

యజమాని మొహం తేటపడింది. "గుడ్," అన్నాడు, నిజంగా సంతోషించి. మా ఆయన భుజం తట్టి, జాగ్రత్తగా వెళ్ళమని చెప్పి యంత్రాల వైపు నడిచాడు. వెనకే పరిగెత్తి నా ‘యెస్‌’కి అర్థం ‘చోటు లేదు’ అని చెప్పాలని నాకు తెలుసు. మా ఆయన కూడా చెప్పమన్నట్టే చూశాడు. కానీ ఏ మాట అంటే ఏమైపోతుందోనన్న భయంతో నాకు ఏ భాషలోనూ మాట రాలేదు. యజమాని లోడర్ చాటుకి వెళ్ళేదాకా చూసి, కారెక్కాను.