గుమస్తా మెడలో ముళ్లకాయలు

మా గుమస్తా మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. గుమస్తా అంటే మనిషి కాదు... మా ముసలి కుక్క. వాడి మీద నేను అబద్ధపు ఒట్టు వెయ్యనని నన్ను ఎరిగినవాళ్లందరికీ తెలుసు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. తర్వాత ఆపి ఆపి అడిగితే నాకు చిరాకు.

మేము ఇద్దరు ఆడవాళ్లం. నేను, మా వదిన. నేను బళ్లో పిల్లల మీద అరిచి అరిచి రిటైరైన టీచర్ని. వదిన రాజాంలో కిరాణా కొట్టు నడిపింది. మా అన్నయ్య పోయాక కూడా ఒంటిచేత్తో నడిపింది. కొట్టు ముందు, ఇల్లు వెనక. బియ్యం బస్తాల్లో ఎలుకలు పడుతున్నాయని రెండు పిల్లుల్ని తెచ్చుకున్నాం. ఒకదాని పేరు పెసలు, ఇంకోదాని పేరు మినుములు. గల్లాపెట్టె పక్కనే పడుకునే కుక్కకి గుమస్తా అని అన్నయ్యే పేరు పెట్టాడు. తర్వాత ఇంకో కుర్రకుక్క చేరింది. ఆకు రాలినా మొరుగుతాడు. వాడు మైకు.

ఆ బిల్డింగు పడగొట్టి కాంప్లెక్సు కడతామన్నారు. సరే, మా ఇద్దరికీ మోకాళ్లు అరిగిపోయాయి, ఇక కొట్టు చాలనుకున్నాం. ఈమధ్య పెద్దవాళ్ల కోసమే ఇళ్లు కడుతున్నారు కదా... భోజనం క్యారేజీ వస్తుంది, డాక్టరు వచ్చి బీపీ చూస్తాడు. అలాంటిది ఒకటి చూసుకుందామని బయల్దేరాం. శ్రీకాకుళంలో చూశాం. విజయనగరంలో చూశాం. అంతా బాగానే మాట్లాడతారు. "ఒక కుక్కైతే పర్లేదమ్మా" అంటారు. రెండు కుక్కలు, రెండు పిల్లులు అనగానే ముఖాలు మాడిపోతాయి.

ఒకచోట ఆఫీసులో కూర్చున్నాయన, "ఇది ముసలోళ్లకి కట్టిందమ్మా, జంతువులకి కాదు" అన్నాడు.

వదిన ఊరుకుంటుందా! "అయితే ముందు మా గుమస్తాకియ్యి బాబూ. కుక్కల లెక్కలో ఆడు నీకూ నాకూ కూడా తాత" అంది.

ఇంకొకాయన మా మంచి కోరి ఒక సలహా ఇచ్చాడు. చేపల బజారు దగ్గర వదిలేస్తే అవే బతుకుతాయట. వదిన కళ్లెర్ర చేసింది. "ముందు నివ్వు మీ అత్తని ఒగ్గీసి రా. సూసి నాను నేర్సుకుంతాను."

అలా తిరిగి తిరిగి, చివరికి కొత్త విమానాశ్రయం కడుతున్న భోగాపురం దాటాక సముద్రం వైపు ఒక చోటు దొరికింది. చిన్న చిన్న ఇళ్లు, వరసగా. ఎదురుగా సరుగుడు తోట. చాలాకాలంగా ఖాళీగా ఉన్న ఇల్లు ఒకటుంది. వరండాకి గ్రిల్లు. వరండాలో ఒక పాత పేము కుర్చీ. ఎవరిదో, తీసుకెళ్లకుండా వదిలేశారు. నాకు ఇల్లు చూడగానే ఏడుపొచ్చినంత పనైంది. మన ఇల్లే అనిపించింది.

కానీ పక్కింటి పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన్ని అక్కడందరూ ప్రెసిడెంటుగారంటారు. చెడ్డమనిషి కాదు. చేతులు కట్టుకుని నిలబడి మర్యాదగానే చెప్పాడు.

"సూడమ్మా, నాకు కుక్కలంటే పగేటీ లేదు. మా ఆవిడికి గుండె జబ్బు. రేత్రి నిద్దరోదు. కునుకు పట్టినాక చిన్న సప్పుడైనా లేచి కూకుంతాది, తెల్లార్లూ ఆయాసం. మొరిగే కుక్కని పక్కన ఎలాగ ఒప్పుకోమంతారు?"

"రేపు ఇమానాలొచ్చి నెత్తి మీద ఎగుర్తాయి కదా ప్రెసిడెంటుగారూ, ఆటినీ సప్పుడు సెయ్యొద్దంతారేటి?" అంది వదిన.

ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఒక ఒప్పందం పుట్టింది. ఒక్క రాత్రి ఉండి చూడండి. ఒక్క మొరుగు కూడా వినిపించకపోతే నాలుగూ ఉండొచ్చు. వినిపించిందా... పొద్దున్నే ఆటో. రాజాంలో ఇల్లు అప్పటికే ఖాళీ చేయమంటున్నారు. మాకు వేరే చోటు లేదు. మైకు నోరు మూసుకుంటే ఇల్లు, తెరిస్తే రోడ్డు. అదీ మా పరిస్థితి.

పాలు పొంగించాం. కొత్తింట్లోకి ఆవుని ముందు పంపిస్తారు, మా ఇంట్లోకి గుమస్తా ముందు నడిచాడు. "ఆవు కన్నా ఈడికే సిగ్గెక్కువ, పేడెయ్యడు" అంది వదిన. ఇంటి చుట్టూ ఇసక. ఇసకంతా ముళ్లకాయలు, గుడ్డకంటుకుంటే ఊడవు. సాయంత్రానికి గుమస్తా మెడ చుట్టూ బొచ్చులో దండకట్టినట్టు ఇరుక్కుపోయాయి. తీద్దామని చెయ్యి పెడితే గుర్రుమన్నాడు. వాడు మెడ దగ్గర ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు. పశువుల డాక్టరు చేతికే పళ్లు దింపినవాడు.

చీకటి పడ్డాక వదిన నన్ను వంటింట్లోకి లాగి గుసగుసగా చెప్పింది. "ఒసే రవణా, నా నిద్ర మాత్ర కుక్కల పెరుగన్నంలో సగం కలిపీనా? ఒక్క రేత్రే."

నాకు ఒళ్లు మండింది. "నీ బీపీ మాత్రలు కూడా కలుపు, పీడా పోతుంది" అన్నాను. గుమస్తాది ముసలి ప్రాణం, తట్టుకోలేక పోతే? వదిన వెళ్లి పడుకుంది.

నేను తలుపు దగ్గర చాప వేసుకున్నాను. గ్రిల్లుకి లోపల్నుంచి తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకున్నాను. చేతిలో బిస్కెట్ పొట్లం. మైకు నోరు తెరిస్తే కుక్కేద్దామని. కుక్కలు వరండాలో, పిల్లులు ఎటుపోయాయో. అలా ఎంతసేపు కూర్చున్నానో...

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిపోయాక చప్పుళ్లు వినపడటం మొదలైంది. సరుగుడు తోటలో గాలి... దూరంగా సముద్రం. ఎక్కడో ఒక నక్క. అయిపోయిందిరా దేవుడా, నక్క కూస్తే మైకు ఊరంతా లేపుతాడు అనుకున్నాను. చెవులు రిక్కించి కూర్చున్నాను.

ఏమీ లేదు.

నక్క మళ్లీ కూసింది. మైకు పలకలేదు. నాకు సంతోషం వెయ్యలేదండీ... భయం వేసింది. ఆ కుక్క పుట్టిన దగ్గర్నుంచి అంతసేపు నిశ్శబ్దంగా లేదు. వదినే మాత్ర కలిపేసిందని రూఢి చేసుకున్నాను. తడుముకుంటూ వెళ్లి ఆవిడ తలగడ పక్కన మాత్రల అట్ట తీసి వేళ్లతో తడిమి చూశాను. ఒక్క గుంట కూడా చిరగలేదు. కొత్త అట్ట.

అప్పుడు వరండాలో చప్పుడైంది.

కిర్ర్...ర్...

పేము కుర్చీ. పిల్లి ఎక్కితే అలా మోగదు. బరువైన మనిషి మెల్లగా, నొప్పుల మోకాళ్ల మీద చేతులు ఆన్చి కూర్చుంటే వచ్చే చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. నేనూ అలాగే కూర్చుంటాను.

ఇప్పుడు మొరుగుతాడు... ఇప్పుడు...

టప్.

కాసేపాగి, టప్... టప్... టప్.

తోక. నేల మీద తోక కొడుతున్న చప్పుడు. గుమస్తా తోక. వాడు అన్నయ్య పోయాక ఎవరికీ అలా తోక ఆడించలేదు. దాని పక్కనే ఇంకో తోక, హడావుడిగా, టపటపటప. అది మైకుది. వాళ్లకి తెలిసినవాళ్లెవరో వచ్చినట్టు. కానీ తాళంచెవి నా తలగడ కింద ఉంది కదా!

తర్వాత ఇంకో చిన్న చప్పుడు వినపడింది.

పుటుక్.

ఆగింది. మళ్లీ... పుటుక్. వెంట్రుక లాగినప్పుడు వచ్చే చప్పుడు. తొందర లేదు. ఓపికగా, ఒకటి తర్వాత ఒకటి. గుమస్తా గుర్రుమనలేదు. తోక మాత్రం టప్... టప్...

ఆంజనేయ దండకం గుర్తు తెచ్చుకుందామంటే మొదటి మాటే రాలేదు. అయినా లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలీదు. కిటికీ రెక్క సందులోంచి చూశాను. పక్కింట్లో ఇన్వర్టరు బల్బు వెలుగుతోంది. ఆ వెలుతురు కాస్త మా వరండాలో పడుతోంది.

కుర్చీ ఖాళీగా ఉంది.

కుక్కలు రెండూ దాని ముందు పడుకుని తలలెత్తి చూస్తున్నాయి. కుర్చీలో పెసలు ముడుచుకుని ఉంది. గురగుర శబ్దం కిటికీ దాకా వస్తోంది. దాని వీపు... ఎలా చెప్పను... దాని వీపు మీద బొచ్చు మెడ దగ్గర్నుంచి తోకదాకా మెల్లగా అణుగుతోంది. మళ్లీ లేస్తోంది. మళ్లీ మెడ దగ్గర్నుంచి మొదలు. మనం నిమిరితే ఎలా అణుగుతుందో అలాగే. చెయ్యి మాత్రం లేదు.

నా భుజం మీద ఏదో పడింది. పైప్రాణాలు పైనే పోయాయి. వదిన చెయ్యి. ఎప్పుడు లేచిందో, నా వెనకే నిలబడి సందులోంచి తనూ చూస్తోంది.

"సూసినావా?" అంది, ఊపిరితో.

తల ఊపాను.

"మొరగట్లేదు కదా?"

"లేదు."

"ఐతే ఒగ్గీ. ఎవులైతే మనకేటి... ఇల్లు నిలబెడతన్నారు. రా, పడుకో."

మాట ధైర్యంగానే ఉంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఇద్దరం ఒకే చాప మీద, ఒకే దుప్పట్లో, చిన్నపిల్లల్లా కరుచుకుని పడుకున్నాం. తెల్లారేవరకు ఆ చప్పుడు వింటూనే ఉన్నాం. పుటుక్... టప్... పుటుక్...

వెలుగొచ్చాక తలుపు తీశాం. గ్రిల్లుకి తాళం వేసింది వేసినట్టే ఉంది. కుక్కలు నిద్రపోతున్నాయి. గుమస్తా మెడ మెత్తగా, దువ్వినట్టుంది. ఒక్క ముళ్లకాయ లేదు. అన్నీ కుర్చీ చేతి మీద ఉన్నాయి... తెల్లబొచ్చుతో సహా, చిన్న పోగుగా. "ఓలమ్మో!" అని వదిన అక్కడే కూలబడింది.

అప్పుడే ప్రెసిడెంటుగారు వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "తెల్లార్లూ పడుకున్నాదమ్మా మా ఆవిడ! ఎన్నాళ్లయిందో అలాగ పడుకొని" అంటూ గ్రిల్లు దాకా వచ్చాడు. కుర్చీ చేతి మీద పోగు చూశాడు.

"ఇయి ఎవులు తీసినారు?"

"మేము కాదు" అన్నాను. వేరే ఏం చెప్పను?

ఆయన నేలకేసి చూస్తూ చెప్పాడు. "ఈ ఇంట్లో ఒకావిడుండేది. ఒక్కర్తీ. ఒక కుక్కని తెచ్చుకున్నాది. సాయంత్రం ఆ కుర్సీలో కూకొని ముళ్లకాయలు తీసి ఇలాగే కుర్సీ సేతి మీద పోగెట్టేది. అప్పుడు మేమే... కుక్క వద్దనీసినాం. ఎవులికో ఇచ్చీసింది."

"తరవాత?" అంది వదిన.

"తరవాత ఆవిడా ఎన్నాళ్లో బతకలేదమ్మా."

ఆయన కళ్లు తుడుచుకోలేదు, అలాగే వదిలేశాడు. "ఉండండి. నాలుగూ ఉండనీండి. రేపు మొరిగినా నాను సెప్పుకుంతాను మా ఆవిడికి" అని వెళ్లిపోయాడు. వెళ్తున్నప్పుడు కుర్చీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అదీ జరిగింది. ప్రయాణం బడలికకి కుక్కలు పడుకున్నాయంటారా? అనండి. సముద్రపు గాలికి పిల్లి బొచ్చు అణిగిందంటారా? అదీ అనండి. మరి ముళ్లకాయలో? వదిన వేళ్లు కీళ్లవాతంతో వంగవు. నేనే నిద్రలో లేచి తీశానా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. గుమస్తా నా చేతిని కరవకుండా ఉంటాడా? నాకు తెలీదు. నిజంగా తెలీదు.

ఆ తర్వాత కుర్చీ ఎప్పుడూ మోగలేదు. మైకు మర్నాటి నుంచే మామూలుగా మొరగడం మొదలుపెట్టాడు. ప్రెసిడెంటుగారి భార్య కిటికీలోంచి "ఒరే మైకూ, ఒల్లకోరా" అని తిడుతుంది, మిగిలిన ఇడ్లీ కూడా ఆవిడే వేస్తుంది. మేము ఇక్కడే ఉన్నాం, ఆరుగురం, ఒక కప్పు కింద. ఇంతకన్నా నేనేం అడగను.

ఒక్కటి మాత్రం మారింది. గుమస్తా ఇప్పుడు మెడ మీద చెయ్యి వెయ్యనిస్తాడు. రోజూ సాయంత్రం నేను నేల మీద కూర్చుని ముళ్లకాయలు తీసి ఆ కుర్చీ చేతి మీద పోగు పెడతాను. కుర్చీలో మాత్రం మేమిద్దరం ఎప్పుడూ కూర్చోం. తీస్తున్నంతసేపూ వాడి తోక ఆడుతూనే ఉంటుంది, టప్... టప్... అని. నేను సంతోషపడేదాన్నే. కానీ వాడు చూసేది నా వైపు కాదు. తలెత్తి కుర్చీ వైపు చూస్తూ ఉంటాడు. అప్పుడు నేనూ అటు తిరిగి, ఎవరికి చెబుతున్నానో తెలియకుండానే, "చాలా మేలు చేశావమ్మా" అంటాను.