థార్స్‌బీ నుంచి నేరుగా

విల్ఫ్రెడ్ పెరట్లోంచి పుల్లటి రూబార్బ్ కాడలు పీక్కొచ్చి వంటింటి గట్టు మీద పడేశాడు. ఆకులు కోసేసి, విషమని, కోళ్ళు ముట్టకుండా పాత కాగితంలో చుట్టాడు.

"నోరా, ఈసారైనా చక్కెర దగ్గర కక్కుర్తి పడకు. పోయినసారి నువ్వు వీటితో చేసిన 'పై' ముక్క తిని ఫాదరు గారు మొహం ఎలా పెట్టారో చూశావుగా."

"ఆయన మొహం పుట్టుకతోనే అంత," అంది చెల్లెలు.

ఆ ఇంట్లో ఆ అన్నాచెల్లెళ్ళ మధ్య నడిచిన ఆఖరి మామూలు మాటలవి. తర్వాత ఇద్దరూ టెలిఫోను ఉన్న గదిలోకి పోయి కూర్చున్నారు. కొత్త రైలుకు అనుమతి వచ్చిందా లేదా అన్న కబురు ఆ రోజే రావాలి.

థార్స్‌బీ నుంచి లండన్‌కు నేరుగా పోయే బండి రద్దయి చాలా ఏళ్ళయింది. రోజులు బాగున్నప్పుడు దానికి గార్డుగా ఈల ఊదింది విల్ఫ్రెడే. ఇప్పుడు చిన్న బండిలో జంక్షన్ దాకా పోయి, అక్కడ పెద్ద కంపెనీ రైలు పట్టుకోవాలి. అలాంటి ఊరికి ఒక చిన్న ప్రైవేటు కంపెనీ వచ్చి, సర్కారు సొమ్ము అక్కర్లేకుండా మేమే నేరుగా బండి నడుపుతామంది. విల్ఫ్రెడ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. లండన్‌లో కూతురు మ్యూరియల్ ఉంది, ఆమె ఒళ్ళో చంటిపిల్ల ఉంది. ఆ బండి వచ్చి తీరాలని ఇంటింటికీ తిరిగాడు.

మెలిక ఒక్కటే. కొత్త బండి ఎక్కేవాళ్ళు కొత్తవాళ్ళయి ఉండాలి. పెద్ద కంపెనీ ప్రయాణికులను లాక్కునే బండి అయితే రైల్వే అధికారుల అనుమతి రాదు. కొన్ని వారాల కిందట చిన్న కంపెనీ తరఫున హారియట్ అనే అమ్మాయి వచ్చి చర్చి హాల్లో ఊరిని కూర్చోబెట్టి ఆ మాటే చెప్పింది.

"కార్లలో, బస్సుల్లో పోయేవాళ్ళు, అసలు పోవడమే మానేసినవాళ్ళు లేచి మాట్లాడండి. నాకు కావలసింది మీరే."

చెప్పింది బాగానే ఉంది. కానీ అది రైల్వే ఊరు. రైల్వే ఉప్పు తిన్నవాడు బస్సెక్కితే, రబ్బరు టైర్ల మీద పోయాడని, అక్కడ 'రబ్బరుగాడు' అంటారు. పూర్వం ఓ పోర్టరు తన కొడుకు పెళ్ళికి బస్సులో వెళ్ళొస్తే, ఆయన సమాధి దగ్గర కూడా ఎవరో ఆ పేరే అన్నారు.

మొదట మాంసం కొట్టు ఏడా లేచింది. "నేను ప్రతి క్రిస్మస్‌కీ రైల్లోనే పోతానమ్మా. మా నాన్న ఇంజను దగ్గర బొగ్గు వేసినవాడు. నాకు బస్సు వాసనే పడదు."

హాలంతా చప్పట్లు.

"ఏడా, నీకు పుణ్యముంటుంది, కూర్చో," అన్నాడు విల్ఫ్రెడ్ పళ్ళబిగువున.

"ఎందుకు కూర్చోవాలి? నేనేమైనా అబద్ధం చెప్పానా?"

"నిజమే చెప్పావు తల్లీ. మన కొంప ముంచేది అదే."

ఆమె తర్వాత మరొకరు, వారి తర్వాత ఇంకొకరు. అందరిదీ ఒకటే గొప్ప: రైలు తప్ప మరొకటి ఎరగం. హారియట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. విల్ఫ్రెడ్ మెడ తుడుచుకుంటూ బతిమాలాడు. "బస్సులో పోయేవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరా? సిగ్గెందుకు? చెప్పండయ్యా!"

వెనక వరసలోంచి క్లెమ్ గొంతు లేచింది. ఒకప్పుడు విల్ఫ్రెడ్ ఊదిన ఈలకు బండి కదిపిన డ్రైవరతను. "అందర్నీ నిలదీస్తున్నావు బాగానే ఉంది. నెలనెలా కూతురి దగ్గరికి పోతావు కదరా. నువ్వు దేంట్లో పోతావో అది చెప్పు ముందు."

అందరూ నవ్వారు. నోరా అన్న వైపు చూసింది. అతను ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు. హారియట్ కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ అమ్మాయి కూడా రైల్లో కాదనే జవాబు కోసమే చూస్తోందని నోరాకు అర్థమైంది. అన్న తలచుకుంటే ఒక చిన్న అబద్ధం ఆడగలడు, ఊరి కోసం ఆడాలి కూడా అనుకుంది.

"గార్డుని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది, క్లెమ్?" అన్నాడు విల్ఫ్రెడ్. "రైల్లోనే."

హాలు దద్దరిల్లింది. హారియట్ కలానికి మూత పెట్టేసింది.

కబురు కోసం కూర్చున్న ఆ రోజు టెలిఫోను మధ్యాహ్న భోజనం కాకముందే మోగింది. విల్ఫ్రెడ్ నిలబడే విన్నాడు. "అలాగేనమ్మా... లేదు, నీ తప్పేముంది... అలాగే." రిసీవరు పెట్టేసి చాలాసేపు దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"రాదట. ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది పాతవాళ్ళేనట."

"ఊరంతా ఉన్నమాటే చెప్పింది, విల్ఫ్. ఇంకేం చేస్తాం?"

అతను కాసేపు నడుం వాలుస్తానని పైకి వెళ్ళాడు. టీకి పిలిస్తే పలకలేదు. నోరా వెళ్ళి తట్టి చూసేసరికి ఒళ్ళు చల్లబడింది.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లోనే అందరికీ శాండ్‌విచ్‌లు పెట్టారు. టోపీ చేతిలో పట్టుకుని ఒక భారీ మనిషి నోరా దగ్గరికొచ్చాడు. ఈ ఊరి నుంచి లండన్‌కు పోయే బస్సు డ్రైవర్నని, పేరు మెర్విన్ అని చెప్పాడు.

"మీ అన్నగారు నా బస్సు మనిషేనమ్మా. నా వెనక సీటు ఆయనదే."

"మీరెవర్ని చూసి ఎవరనుకున్నారో. మా అన్న రైలు మనిషి."

"విల్ఫ్రెడ్ గారేనమ్మా. గుండె జబ్బొచ్చాక జంక్షన్‌లో బండి మారడానికి ఆ వంతెన మెట్లు ఎక్కలేకపోతున్నానన్నారు. అప్పట్నుంచీ రైలు మానేశారు."

నోరా నోటికి అడగడానికి ఒక్కటే వచ్చింది. "మరి ఇంటికి స్టేషన్ రోడ్డు మీంచి వచ్చేవాడు కదా?"

మెర్విన్ తల దించుకున్నాడు. "ఊళ్ళోకి రాకముందే, స్టేషన్ వెనక బొగ్గు యార్డు దగ్గర దింపమనేవారు. సాయంత్రం చిన్న బండి వచ్చేదాకా అక్కడే గోడ పక్కన నిలబడి, అందులోంచి దిగినవాళ్ళతో కలిసి నడిచొచ్చేవారమ్మా."