ఆమేన్‌తో పోయిన దొరువు

మా చర్చి కమిటీలో ఓటింగు ఉండదు, ఆమేన్ ఉంటుంది. ఏదైనా తెగకపోతే దాన్ని ప్రార్థనలో పెట్టేస్తారు. కళ్లు మూసుకున్న జనం మధ్య లేచి "నాకు అభ్యంతరం" అనగల మొనగాడు మా సంఘంలో ఇంకా పుట్టలేదు.

నేను ఆ కమిటీకి సెక్రటరీని. తెలివి చూసి ఇచ్చిన పదవి కాదు. రిటైరైన తెలుగు మాస్టరుని, చేతిరాత గుండ్రంగా ఉంటుంది, గొంతుకు మైకు అక్కర్లేదు.

చర్చి వెనక ఇసుక నేలలో ఒక దొరువు ఉంది. దొరువంటే బావికి తమ్ముడు, నాలుగడుగులు దిగితే చాలు నీళ్లు. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఆ నీళ్లు తియ్యగా ఉండేవి. మా వాడ వాళ్లూ, పక్క పాళెంలో చేపలు పట్టేవాళ్లూ అవే తాగేవాళ్లు. చుట్టూ రొయ్యల గుంటలున్న మా సంఘపెద్దకు ఆ స్థలం కంట్లో నలుసు. లీజుకిస్తే అక్కడా గుంట తవ్వుతాడు. ఉప్పునీళ్ల గుంట పక్కన దొరువు ఏమవుతుందో చెప్పడానికి తెలుగు మాస్టరు చాలు. రెండు మీటింగుల్లో "ఆలోచిద్దాం" అన్నాను. నా నిఘంటువులో అది తిరుగుబాటు.

ఇంతలో సెమినారు పెట్టారు. విషయం, సృష్టి పట్ల క్రైస్తవుని గృహనిర్వాహకత్వం. వక్త చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా రైల్లో, అక్కణ్ణించి ఏసీ కారులో వచ్చినారు. భూమి దేవుడిదనీ, మనం కాపలాదారులమనీ ఇంగ్లీషులో చెబుతుంటే నేను తర్జుమా చేశాను. పేదరికం గురించి ఆయన మాట్లాడిన తీరు చూస్తే, అదేదో ఆయన విహారానికి వెళ్లొచ్చిన ఊరనిపించింది. ముందు వరసలో సంఘపెద్ద రొయ్యలకు మేత వేసేంత శ్రద్ధగా తల ఊపుతున్నాడు. ప్రతి కుర్చీ మీదా ఓ వాటర్ బాటిలు.

టీ విరామంలో, పాళెంలో చేపలమ్మే అక్క నీళ్ల బిందెతో కిటికీ దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"సారూ, ఎవరికి చెప్తాండారు ఇదంతా? ఈ నీళ్లు తాగేవోళ్లం బయట ఉండాం గదా!"

నవ్వేశాను. వక్తగారికి టీ అందించడానికి వెళ్లిపోయాను.

చివరి ప్రార్థన సంఘపెద్ద చేశాడు. "ప్రభువా, నువ్విచ్చిన నేలను మట్టిలో పాతిపెట్టిన తలాంతు డబ్బులా వదిలేసిన మా సోమరితనాన్ని క్షమించు. ఈ మందిరం వెనక స్థలాన్ని నీ దాసుడి చేతుల్లో ఫలింపజేయి." ఆ దాసుడెవరో అందరికీ తెలుసు.

"ఆమేన్!"

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అన్నది నేను. అలవాటు అలాంటిది. మాట బయటికి పోయాక అర్థం లోపలికి వచ్చింది.

పాస్టరుగారు తీర్మానాల పుస్తకం నా ముందుకు తోసినారు. "లీజుకు ప్రార్థనాపూర్వకంగా ఏకగ్రీవం అని రాయండి సార్."

"అయ్యా, అందరినీ ఓ మాట అడగాలేమో..."

"తొలి ఆమేన్ మీదే గదా మాస్టారూ!" అని సంఘపెద్ద పకపకా నవ్వాడు.

రాశాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. సిగ్గుకు చేతిరాత మారదని ఆ రోజు తెలిసింది.

వక్తగారు ఒక మొక్క నాటి, బాటిల్లో మిగిలిన నీళ్లు పోసి, ఫొటో దిగి వెళ్లిపోయారు. సాయంత్రానికి దాన్ని మేక తినింది. సెమినారుతో నిజంగా కడుపు నిండింది ఆ మేకకే.

పోయిన వేసవిలో అటు వెళ్లాను. దొరువు పక్కనే కొత్త గుంటలో నీళ్లు చిలికే ఏరియేటర్లు నురగలు కక్కుతున్నాయి. మంచినీళ్ల కోసం అక్క ఇప్పుడు రోడ్డు మీద ట్యాంకరు దాకా నడుస్తోంది. నన్ను చూసి ఆగి, దొరువులోంచి చెంబు ముంచి నా చేతికిచ్చింది.

"ఎండన బడి వచ్చినారు, తాగండి సారూ."

ఒక గుక్క మింగాను. ఉత్త ఉప్పు. రెండోది పక్కకు ఉమ్మేశాను. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నా మొహమే చూస్తోంది.

"ఏంది సారూ, ఆ పొద్దు కిటికీ దాకా వినబడె గదా. ఇప్పుడు ఆమేన్ రాదే?"