కరివేపాకు కుండీలో హాప్స్ పిప్పి

క్రెయిగీబర్న్‌లో మా పక్కింటి ద్వారకానాథ్ గారు గుంటూరులో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చారు. ఇక్కడ గ్యారేజీలో బీరు తయారుచేయడం నేర్చుకున్నారు. బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలలో ఒక్కో రకాన్నీ అరచేతిలో నలిపి, వాసన చూసి ఎంచుకునేవారు. కోవిడ్‌తో ఆయనకు వాసన తెలియకుండా పోయింది. అప్పటినుంచి మా నాలుగేళ్ల అమ్మాయి అక్షరే ఆయన ముక్కు.

శనివారం నేను వెళ్లేసరికి ఇద్దరూ గిన్నెలు ముందేసుకుని కూర్చున్నారు.

"ఇదేం వాసన తల్లీ?"

"ప్యాషన్‌ఫ్రూట్, తాతా!"

"అయితే ఇది గెలాక్సీ రకం. మరిది?"

"యక్! గ్రీన్ గ్రాస్!"

"నా స్టూడెంట్లలో ఒక్కడికీ ఇంత తెలివి లేదే!"

నవ్వుతూ పెరట్లోకి చూశాను. మా కుక్క పండు కరివేపాకు కుండీలో మూతి పెట్టి ఏదో ఆబగా తింటోంది.

"అంకుల్, అందులో ఏం వేశారు?"

"పొద్దున కాచిన హాప్స్ పిప్పి. టీపొడి, బియ్యం కడుగు అన్నీ దానికేగా! మంచి ఎరువమ్మా."

నేను చదివింది బయోకెమిస్ట్రీ. హాప్స్ తిన్న కుక్కకు ఒంట్లో వేడి ఆగకుండా పెరుగుతుందనీ, గంటల్లో ప్రాణం పోవచ్చనీ నాకు తెలుసు. తెలిసి కూడా పండును ఇన్నాళ్లూ ఈ పెరట్లో వదిలాను. ముందు అక్షర నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూశాను. ఏమీ లేదు. అక్షరనూ పండునూ కారెక్కించాను.

కారులో పండు నాలుక వేలాడేసి రొప్పుతోంది. అంకుల్ తడి తువ్వాలుతో దాని పొట్ట తుడుస్తూనే ఉన్నారు. జంతువుల ఆస్పత్రిలో జ్వరం చూస్తే నలభై ఒకటిన్నర సెల్సియస్, మామూలుకంటే మూడు డిగ్రీలు ఎక్కువ. కక్కించి, సెలైన్ పెట్టి, లోపలికి తీసుకుపోయారు.

"అంత చేదు పిప్పిని ఎట్లా తిన్నదమ్మా?" అన్నారు అంకుల్.

"బార్లీ రసంలో మరిగింది కదా, పైకి తియ్యటి వాసన వస్తుంది అంకుల్, ఉడికిన మొక్కజొన్నలా."

ఆయన చేతిలోని తడి తువ్వాలు మడతపెట్టారు. "వాసన తెలిసుంటే పైన మట్టి కప్పేవాణ్ణి," అన్నారు.

ఇప్పుడే ఏమీ చెప్పలేమనీ, సాయంత్రం ఫోన్ చేస్తామనీ డాక్టరు మమ్మల్ని పంపేసింది. ఇంటికి రాగానే అంకుల్ కుండీ ముందు కూర్చుని, చేతులతో మట్టి తోడి సంచిలో పోయసాగారు.

"ఇంకా వాసనుందా, చూడు తల్లీ."

అక్షర వంగి చూసింది. "స్టిల్ స్మెల్స్, తాతా."

ఆయన మళ్లీ తోడారు. నా పిడికిట్లో ఫోను ఇంకా మోగలేదు.